చేతులు తెగిన మేడితల్లి

పూర్వం కృతయుగాంతంలో, శోణానదీ తీరాన్ని ఏలే హేమధన్వుడనే రాజేంద్రుడు, భుజబలంతో దిక్కులన్నీ గెలిచినా తృప్తి చాలక, ఇంద్రపదవిని కోరి మహాయాగం తలపెట్టాడు. దీక్షితుడు కూర్చునే పీఠాన్ని మేడికర్రతో చేయడం ఆచారం. దానికి ఒక్క కొమ్మ చాలు. కానీ ఆ మహానుభావుడి భక్తికి హద్దేది? యాగశాల స్తంభాలూ, గడపలూ, గరిటెలూ సర్వం మేడివే కావాలని, రాజ్యంలోని ఉదుంబర వృక్షాలన్నీ మొదలంటా నరికించాడు. ఔరా, ఇదేం భక్తి! ఋత్విజులైనా ఇదేమిటని అడిగారా?

యాగం ముగింపునకు వచ్చిన వేళ, రాణి రోచనాదేవి దాది గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"మహారాజా, కొంప మునిగింది! నెలలు నిండకుండానే దేవిగారికి నెత్తురు పోతోంది!"

అంతలో, రాణి నాడి చూసిన వైద్యవిద్యాపారంగతుడు తృణపాద మహర్షి వచ్చి ఇలా అన్నాడు.

"రాజా, గర్భం నిలవాలంటే పచ్చి మేడిబెరడు కషాయం పట్టాలి. పుండ్లు మాన్పేదీ, అతిసారాన్ని కట్టేదీ, కారే రక్తాన్ని నిలిపేదీ ఆ తల్లే. తక్షణం తెప్పించు."

"ఈ స్తంభాలన్నీ మేడివే కదా మహర్షీ!"

"ఎండిన కట్టెలో ఏముందయ్యా? పాలు కారే బెరడు కావాలి. బతికిన చెట్టు ఒక్కటైనా ఉంచావా?"

హేమధన్వుడు నిర్ఘాంతపోయాడు. "అయ్యయ్యో! నా బిడ్డను నేనే చంపుకున్నానా!"

"మోడు కింద వేరు బతికి ఉంటే, దాని బెరడైనా చాలు. తవ్వించు."

రాజు దిగ్గున లేచాడు. ఋత్విజులు అడ్డుపడ్డారు. "ప్రభూ, దీక్షలో ఉండి శాల దాటితే ఇంద్రపదవి చేజారుతుంది!"

"నా ఇల్లాలు అక్కడ చావుబతుకుల్లో ఉంటే ఇక్కడ కూర్చోనా? ఆ పదవి ఏట్లో కలవనీ!"

ఏటిగట్టున ఒక మోడు చుట్టూ గోళ్ళు ఊడేలా మట్టి తవ్వి, తడి వేరు కనబడగానే కత్తి ఎత్తిన ఆ రాజు ఎదుట ఒక దివ్యాంగన నిలిచింది. హతవిధీ! ఆమెకు రెండు చేతులూ భుజాల దాకా లేవు. రాజు కత్తి కింద పడేసి చేతులు జోడించాడు.

"తల్లీ, ఈ పాపం నాదే. శపించు!"

"శాపం సంగతి తరవాత చూద్దాంలే నాయనా. ముందు వేరు కోసుకుని పరుగెత్తు, అక్కడ పసిప్రాణం పోతోంది."

కషాయం లోపలికి పోగానే రక్తస్రావం ఆగింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. శాపం సంగతి మరవని హేమధన్వుడు, రాణితో, చంటిబిడ్డతో మోడు దగ్గరకు వచ్చి, సాష్టాంగపడి, "తల్లీ, ఇప్పుడు శపించు" అన్నాడు.

"నిన్ను శపిస్తే ఆ పిల్లకు తండ్రేడీ? పిచ్చివాడా, లే!"

ఆ మాటకు రాజు వెక్కివెక్కి ఏడ్చాడు. రాజ్యంలోని మోడులన్నీ ఒక్కసారిగా చిగిర్చాయి. "చెట్టుకు ఒక పక్కనే, కావలసినంతే బెరడు తీసేవారికి నేనెన్నడూ లేదనను" అని వరమిచ్చి, మేడితల్లి అప్పుడే మొలిచిన చేతులు రెండూ చాచి, ముందుగా ఆ పసిదాన్ని ఎత్తుకుంది.