కల్లు వాసన చొక్కాలు

కోటలో రెండువందల మంది కుర్ర సిపాయిలు. "అందరూ తాగుబోతులే" అని దళపతి రణకేసరి రోజూ టముకు వేయించి తిట్టించేవాడు. తాగుడు మాత్రం పెరుగుతూనే ఉంది.

బట్టలుతికే నూకాలు ఊరుకోలేకపోయింది. "అలా చాటిస్తే తాగనివాడు కూడా సిగ్గుపడి తాగుతాడు దొరా. కోటలో అందరి చొక్కాలూ నా చేతికే వస్తాయి, అసలు లెక్క నాకు తెలుసు."

మర్నాడు కల్లు వాసన వేసినవాటిని ఉతికి విడిగా ఒక తాడు మీద ఆరేసింది. అవి పదిహేనే. మిగతావి మైదానమంతా తెల్లగా రెపరెపలాడాయి. దళపతీ, సిపాయిలూ నివ్వెరపోయారు. తాగనిది తానొక్కడే అనుకుని ఇన్నాళ్లూ ప్రతివాడూ లోలోపల కుమిలిపోయాడు.

వారం తిరిగేసరికి కల్లు తాడు మీద ఒక్క చొక్కా మిగిలింది. ఆ మొండివాడెవడో చూద్దామని దళపతి దగ్గరికెళ్లాడు. దానికి జరీ అంచుంది. కోటలో జరీ అంచు చొక్కా ఆయనకొక్కడికే ఉంది.