నూకయ్య చేనులో నాలుగో రాయి

అనగా అనగా, రాజులు తాటాకుల మీద పొలాలు రాసిచ్చే కాలంలో, ఒక ఏటి రేవులో నూకయ్య అనే పడవవాడు ఉండేవాడు. తాత పడవ నడిపాడు, తండ్రి పడవ నడిపాడు, తనూ ఇరవై ఏళ్ళు నడిపాడు. ఏరు దారి మార్చుకుని రేవంతా ఇసుక మేట వేసేసరికి, పడవ అమ్మేసి దూరాన ఒక మెట్ట చేను కొన్నాడు. అమ్మినవాడు తాటాకు చేతిలో పెట్టి, మూటాముల్లె సర్దుకుని పరదేశం వెళ్ళిపోయాడు.

తాటాకు మీద ఇలా ఉంది: "తూర్పున వాగు. పడమట పుట్ట. ఉత్తరాన రేగుచెట్టు. దక్షిణాన సింగమ్మ చేను. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు."

నూకయ్య, అతని భార్య పైడమ్మ వచ్చి చూద్దురు కదా, వాగు రెండు పాయలుగా పారుతోంది! పుట్టలు ఏడున్నాయి. రేగుచెట్లకు లెక్కే లేదు. ఇక రాళ్ళంటారా, కాలు పెట్టిన చోటల్లా రాయే.

"ఇందులో మనదేదయ్యా?" అంది పైడమ్మ.

"అదే నాకూ తెలియడం లేదే," అన్నాడు నూకయ్య తల గోక్కుంటూ.

మూడు రోజులు ముళ్ళకంపలు నరికారు. నెత్తిన ఉలిగీత ఉన్న రాళ్ళు మూడు మూలల్లో మూడు దొరికాయి. వాగు పక్కన, సింగమ్మ చేను తగిలే మూలలో మాత్రం నాలుగోది కనపడలేదు. ఆ మూలలోనే ఒక రాతి బావి ఉంది.

వాగు అవతలి రైతు బుచ్చన్నను అడిగారు. అతను గబగబా వచ్చి, బావి దాటించి ఒక రాయి చూపించాడు. దాని నెత్తినా ఉలిగీత ఉంది.

"ఇదిగో నీ రాయి. అంటే బావి నీదేనోయ్! అదృష్టవంతుడివి," అన్నాడు.

సింగమ్మను అడిగారు. ఆమె ముసలిది, నా అన్నవాళ్ళు లేనిది. "బావి మా ఇంటాయన తవ్వించాడు నాయనా. రాయి బావికి మీ వైపునే ఉండేది. ఎక్కడని చూపను? నా కళ్ళు మసకలు," అంది.

చివరికి ఊరి కరణాన్ని అడిగారు. కరణం తన తాటాకు చూసి, "మూడో రాయి నుంచి నూటయిరవై బారలు," అన్నాడు. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు. కరణం పొట్టివాడు. ఆయన బారలు లెక్కపెట్టి తాడు పరిస్తే, అది బావికి ఇవతలే ఆగింది. నూకయ్య చేతులు పొడుగు. అతను కొలిస్తే బావి దాటిపోయింది. పైడమ్మ కొలిస్తే తాడు కొస సరిగ్గా బావిలోకి జారింది.

"ఏటి మీద ఇరవై ఏళ్ళు దారి తప్పనివాణ్ణి, నా చేనులో నేనే తప్పిపోయానే!" అని నూకయ్య గట్టు మీద కూలబడ్డాడు.

మర్నాడు ఉత్తరపు మూలన ఒరిగిన రాయిని సరిచేద్దామని తవ్వితే, దాని కింద బొగ్గులూ కుండపెంకులూ బయటపడ్డాయి. ఇదేమిటని కరణాన్ని అడిగాడు.

"పూర్వం రాయి పాతే ముందు గోతిలో అవి వేసేవారు. రాయిని ఎవరైనా పెకలిస్తారు గాని బొగ్గుల మాట ఎవరికి గుర్తుంటుంది? అవి మట్టిలో కుళ్ళవు కూడా," అన్నాడు కరణం.

భార్యాభర్తలు గునపం పట్టుకుని పరుగెత్తారు. బుచ్చన్న చూపిన రాయి కింద తవ్వితే ఒక్క బొగ్గూ లేదు. బావికి ఇవతల తవ్వుతూ తవ్వుతూ పోతే, పది అడుగుల దూరాన గునపానికి నల్లగా బొగ్గు తగిలింది. కింద పెంకులు.

బావి తమది కాదు.

పైడమ్మ ముఖం వాడిపోయింది. "బావి లేకపోతే ఇది బీడే కదయ్యా! ఎవరూ చూడలేదు. నాలుగు దోసిళ్ళ మట్టి వేస్తే సరి."

నూకయ్య దోసిట్లోకి మట్టి తీసుకున్నాడు. వెయ్యాలా, వద్దా? ఎంతసేపటికీ తేలలేదు. చివరికి మట్టి పక్కన పారబోశాడు.

"మన హద్దేదో తెలియక ఇన్నాళ్ళు పిచ్చివాళ్ళలా తిరిగాం పైడీ. ఆ కళ్ళు కనపడని ముసలమ్మనూ అలాగే తిప్పుదామా?"

అతను కరణాన్నీ సింగమ్మనూ బుచ్చన్ననూ పిలుచుకొచ్చి బొగ్గులు చూపించాడు.

"మరి ఈ రాయి బావి దాటి ఎలా నడిచిందోయ్ బుచ్చన్నా?" అన్నాడు కరణం.

బుచ్చన్న తల వంచి నిజం ఒప్పుకున్నాడు. బావి పోతే ముసలిది చేను వదిలేస్తుందనీ, అప్పుడు తను కలుపుకోవచ్చనీ రాయి జరిపింది అతనే. కరణం ఆ రాయిని అతని భుజాల మీదే మోయించి, బొగ్గుల గోతిలో పాతించాడు.

సింగమ్మ నూకయ్య చెయ్యి తడిమి పట్టుకుంది. "నాయనా, బావిలో నీళ్ళున్నాయి. మోట తోలి తోడే బలం నా ఒంట్లో లేదు. నువ్వు తోలు. ఒక కాలవ నా చేనుకి, ఒక కాలవ నీ చేనుకి."

ఆ ఏడు రెండు చేలూ పండాయి.

ఎదుటివారి హద్దును తన హద్దులా కాపాడేవాడికి ఊరూ నేలా అండగా నిలుస్తాయి; ఇదే ఈ కథలోని నీతి.