పోలన వేసిన తెల్లరాళ్ళు

అనగా అనగా, తాటాకు మీద ఘంటంతో రాసుకునే కాలంలో, సముద్రపు ఒడ్డున వేలాపురి అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజుకు ఒక మంచి అలవాటు. ఏ శాసనం చెయ్యాలన్నా ఊరికొకరిని పిలిపించి సభ తీర్చేవాడు. సమ్మతమైతే తెల్లరాయి, కాదంటే నల్లరాయి కుండలో వెయ్యాలి. ఎవరు ఏ రాయి వేశారో, ఏం మాట్లాడారో లేఖరి తాటాకు మీద రాసి దాచేవాడు.

ఉప్పుమడుల ఊరి తరఫున సభకు వెళ్ళినవాడు పోలన. మంచివాడు, మాటకారి. బయలుదేరిన రోజున ఊరంతా పొలిమేర దాకా వచ్చి సాగనంపింది. అతన్ని పెంచిన మేనత్త ఆదెమ్మ చద్దిమూట చేతికిచ్చి, "మా మంచీ చెడూ నీ చేతిలో పెట్టామురా అయ్యా" అంది.

సభలో రెండు పక్షాలు ఉండేవి. పోలన గుండన అనే నాయకుడి పక్షంలో చేరాడు. పక్క ఊరు జాలరిపేట నుంచి వచ్చిన నూకమ్మదీ అదే పక్షం.

మొదటి ఏడు, ఓడల కలప కోసం ఒడ్డునున్న మడ అడవి కొట్టాలని ఒక శాసనం వచ్చింది. పోలన చెయ్యి నల్లరాయి మీదికి వెళ్ళింది. తుపాను వేళ సముద్రానికి అడ్డం నిలిచేది ఆ చెట్లేనని వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

గుండన అతని భుజం మీద చెయ్యి వేశాడు. "కొత్తగా వచ్చావు. ఇవాళ పక్షం మాట కాదంటే రేపు నీ మాట ఎవరు వింటారు? నీ ఊరి పని వచ్చిననాడు మేమంతా నీ వెనక ఉంటాం."

నిజమే కదా అనుకున్నాడు పోలన. తెల్లరాయి వేశాడు. నూకమ్మ నల్లరాయి వేసింది. ఆనాటి నుంచి గుండన ఆమెను చివరి వరుసలో కూర్చోబెట్టాడు.

రెండో ఏడు, వరిపొలాల్లోకి ఉప్పునీరు రాకుండా ఉప్పుటేరుకు అడ్డంగా కట్ట వెయ్యాలన్నారు. ఏరు మూసుకుపోతే వాననీరు సముద్రంలో కలిసే దారి ఉండదు. పోలన ఆ మాటే చెప్పబోయాడు.

"అలా కాదు" అన్నాడు గుండన మెల్లగా. "నువ్వే లేచి దీనివల్ల కీడు లేదని చెప్పు. ఒడ్డు ఊరివాడివి, నీ మాటకు బరువుంటుంది. వచ్చే ఏడు మీ ఊరికి సముద్రపు పోటు ఆగేలా కరకట్ట వేయిస్తాను."

పోలన లేచాడు. కీడు లేదన్నాడు. తెల్లరాయి వేశాడు. నూకమ్మ మళ్ళీ నల్లరాయే వేసింది.

ఊరికి వెళ్ళినప్పుడు ఆదెమ్మ అడిగింది. "ఏరా, ఆ శాసనాలను నువ్వు కాదనలేదా?"

పోలన తల తిప్పుకున్నాడు. "పెద్దలు నిర్ణయించారు, మన చేతిలో ఏముంది అత్తా! అయినా కరకట్ట వస్తోంది. భయం లేదు."

అటు జాలరిపేటలో నూకమ్మ తనవాళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. "రెండుసార్లు కాదన్నాను. రెండుసార్లూ ఓడిపోయాను. ఇక మనకు చెట్ల అండ లేదు, నీటికి ఏటి దారి లేదు. ఇళ్ళు ఇసకదిబ్బ మీదికి మార్చుకుందాం." గొణుక్కుంటూనే మార్చుకున్నారు.

మూడో ఏడు పోలన కరకట్ట అడగడానికి లేచాడు. గుండన చెవిలో చెప్పాడు. "ఈ ఏడు కోటకు బురుజులు కట్టించాలి. పక్షం అదే కోరుతోంది. నువ్వు కూర్చో."

"మాట ఇచ్చారు కదా అయ్యా!"

"ఇచ్చాను. ఈ ఏడు కాదు."

మొట్టమొదటిసారి పోలన ఎదురు తిరిగాడు. తుపాను వస్తే తన ఊరు మునిగిపోతుందని, చెట్లూ ఏరూ లేక ఒడ్డు దిక్కులేనిదైందని గొంతెత్తి చెప్పాడు.

గుండన కోపగించుకోలేదు. లేఖరి వైపు తిరిగి, "పాత ఆకులు చదవండి" అన్నాడు.

లేఖరి చదివాడు. "మడ అడవి కొట్టుటకు పోలన సమ్మతము. ఉప్పుటేరు మూయుటకు పోలన సమ్మతము. ఒడ్డు ఊళ్ళకు ఏ కీడూ లేదని పోలన సభలో పలికెను."

సభ గొల్లున నవ్వింది. రాజు మాత్రం నవ్వలేదు. "పోలనా, కీడు లేదన్నదీ నువ్వే, ఊరు మునుగుతుందన్నదీ నువ్వే. ఏది నమ్మమంటావు?"

పోలన తల దించుకుని వెళ్ళి తెల్లరాయి వేశాడు. కరకట్టకు కుండలో రెండే తెల్లరాళ్ళు పడ్డాయి. ఒకటి అతనిది, ఒకటి నూకమ్మది. ఆ సంగతి పోలన ఊరికి కబురు పెట్టలేదు.

ఆ కార్తీకంలోనే తుపాను వచ్చింది. ముందు నుంచి సముద్రం పొంగింది, వెనక నుంచి వాననీరు ముంచింది. ఉప్పుమడులు కొట్టుకుపోయాయి. ఇళ్ళు కూలాయి. మెడలోతు నీళ్ళలో ఈదుకుంటూ వచ్చిన జనాన్ని జాలరిపేటవాళ్ళు తాళ్ళు వేసి దిబ్బ మీదికి లాగారు, గంజి కాచి పోశారు.

ఆదెమ్మ రాలేదు. "మావాడు కరకట్ట వేయిస్తానన్నాడు" అంటూ చివరిదాకా ఇల్లు కదలలేదట.

దిబ్బ మీదికి చేరిన పోలన ఇసకలో కూలబడ్డాడు. నూకమ్మను అడిగాడు. "కరకట్ట దగ్గర ఇద్దరమూ ఓడిపోయాం కదక్కా. నీ ఊరెలా నిలిచింది?"

నూకమ్మ అతని పక్కన కూర్చుంది. "ఓడిపోయినప్పుడల్లా మావాళ్ళకు చెప్పాను తమ్ముడూ" అంది.

రాజు ఉప్పుటేటి కట్ట తెగగొట్టించాడు. నూకమ్మను పిలిపించి సభలో ముందు వరుసలో కూర్చోబెట్టాడు. పోలన మళ్ళీ సభకు వెళ్ళలేదు. మోకాలిలోతు బురదలో దిగి ఒక్కొక్కటిగా మడమొక్కలు నాటుతూ బతికాడు. ఊళ్ళో ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేదని అతను లోలోపల ఏడ్చేవాడు.

పక్షం కోసం తెలిసిన నిజాన్ని దాచినవాడి మాట, అవసరమైననాడు నిజమే అయినా నిలవదు.