పిలుపులరేవులో వీపు చూపే అమ్మవారు

భక్తులారా, ముందే చెబుతున్నాం, తరువాత మమ్మల్ని తప్పు పట్టవద్దు. ఈ ఆలయంలో అమ్మవారి ముఖం కనబడదు. గర్భగుడిలో పిలుపులమ్మ తల్లి మనకు వీపు పెట్టి, కుడిచేయి చెవికి ఆనించుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంటుంది. హారతి ఆ వీపుకే. పసుపు కుంకుమలు ఆ మడమలకే. కొత్తగా వచ్చినవారు అమ్మకు మనమీద కోపమా అని కంగారు పడతారు. కోపం కాదు, తల్లి పనిలో ఉంది. ఆ పని ఏమిటో తెలిస్తే మీ ఒళ్లు పులకరిస్తుంది.

గోదావరి పాయ సముద్రంలో కలిసే ఈ రేవుకు ఏటా మాఘమాసంలో దేశదేశాల పిల్లలు పాటల పోటీకి వస్తారు. గుడి ముందు ఇసుకలో వేసిన పందిరి కింద స్వాహిలి పాట ముగియకుండానే జపాను పిల్లవాడు గొంతు సవరించుకుంటాడు. వాడి వెనుక సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర పిల్ల కాలితో తాళం వేస్తూ ఉంటుంది. ఆ సందడి చెబితే తీరేది కాదు, వచ్చి వినవలసిందే. ఎవరూ తమ ఇంటి భాషలో తప్ప పాడరాదన్నది ఇక్కడి నియమం. ఆ నియమం పుట్టిన కథ ఇది.

పూర్వం ఇక్కడ ఇసకరేవు అనే ఊరు ఉండేది. అరబ్బులు, చీనావారు, సింహళీయులు, బర్మా వైపు నుంచి పెగూ దేశస్థులు సరుకులతో వచ్చి, కుటుంబాలతో ఇక్కడే వాడలు కట్టుకుని ఉండేవారు. మగవారు ఓడల మీద వెళ్లి, గాలి మళ్లే కాలానికి తిరిగి వచ్చేవారు. వారి పిల్లలు మన పిల్లలతో ఆడి ఆడి తెలుగు గడగడా మాట్లాడేవారు. ఆ రోజుల్లో అమ్మవారు అందరు దేవతల్లాగే భక్తుల వైపు చూస్తూ ఉండేది.

గుడిలో పురాణం చెప్పే పేరిశాస్త్రిగారికి పిల్లలంటే ప్రాణం. ఓడలు తిరిగి వచ్చే వేళకు ఆయనే పాటల పోటీ పెట్టారు. అయితే తనకు అర్థం కాని పాటకు బహుమతి ఎలా ఇవ్వడం? అందుకని పిల్లలందరికీ తెలుగులో ఒకే స్తోత్రం నేర్పారు. అందరికీ ఒకే కొలత ఉంటే ఎవరికీ అన్యాయం జరగదని ఆయన నమ్మకం. అది పొరపాటని ఆయనకే కాదు, ఊరిలో ఎవరికీ తోచలేదు.

ఆ పోటీలో మొదటి బహుమతి ఎప్పుడూ మి చాన్ అనే పెగూ పిల్లదే. రేవులో అందరూ ఆమెను మిచ్చమ్మ అనేవారు. అప్పటికి రేవులో మిగిలిన పెగూ కుటుంబం వారిదొక్కటే. తల్లి ఇక్కడే జ్వరంతో కన్నుమూసింది. ఓడలో వడ్రంగి అయిన తండ్రి, తాళ్లు పేనే గంగరాజమ్మకు పిల్లను అప్పగించి సముద్రం మీదికి పోయాడు. మిచ్చమ్మ స్తోత్రాన్ని ఎంత శ్రద్ధగా పట్టిందంటే, తల్లి పాడిన జోలపాట మెల్లగా జారిపోయింది.

ఒక ఏడు ఓడలు వచ్చే నాడు పొగమంచు రేవును కప్పేసింది. పట్టపగలే చాచిన చేయి కనబడదు. దీపం పెడితే వెలుతురు గుమ్మం దాటదు. శాస్త్రిగారు పిల్లలందరినీ ఒడ్డున నిలబెట్టి, ఆ శబ్దాన్ని పట్టుకుని ఓడలు వస్తాయని స్తోత్రం ఎత్తించారు. మన తెలుగు ఓడ ఒక్కటే వచ్చింది. దాన్ని నడిపే సరంగు పోలిపిల్లి కాటన్న నీళ్లలోకి దూకి పరుగున వచ్చి సంగతి చెప్పాడు. ఈ తీరంలో పాటలు పాడి ఓడలను ఇసుకమేటల మీదికి రప్పించి దోచుకునే ముఠాలుండేవి. అన్ని గొంతులు ఒకే పాట పాడేసరికి, మిగతా ఓడలవారు ఇది దొంగల పన్నాగమని మేటల అవతలే లంగరు వేశారు. సాయంత్రానికి గాలి లేస్తే ఒక్క ఓడ కూడా మిగలదు.

“శాత్రులు బాబూ, ఎవరి పిల్లల్ని ఆళ్ల బాసలో పిలవనియ్యండి. మన పాట ఆళ్లకేం తెలుస్తాది?” అన్నాడు కాటన్న.

శాస్త్రిగారి ముఖం పాలిపోయింది. అయినా క్షణం ఆలస్యం చేయలేదు. అరబ్బు పిల్లలు గొంతెత్తారు. కాసేపటికి మంచులోంచి వారి ఓడ మూతి బయటపడింది. ఒడ్డంతా కేకలు! సింహళ పిల్లలు పాడారు, సింహళ ఓడ వచ్చింది. చీనా పిల్లల పాటకు చీనా ఓడ తెరచాపలు దించుకుంటూ వచ్చింది. తండ్రుల మెడలకు పిల్లలు వేలాడుతుంటే ఊరు ఊరంతా ఏడుస్తూ నవ్వింది.

పెగూ ఓడ ఒక్కటే మిగిలింది. ఆ భాష పిల్ల ఒడ్డున మిచ్చమ్మ ఒక్కతే. ఆమె నోరు తెరిస్తే స్తోత్రమే వస్తోంది. మళ్లీ ప్రయత్నించినా అదే. అప్పటికే గాలి మొదలైంది. “నేనే నీ నోట్లో పాట మార్చేశాను తల్లీ,” అని శాస్త్రిగారు ఇసుకలో కూలబడి బావురుమన్నారు. గంగరాజమ్మ మాత్రం పిల్లను ఒళ్లోకి లాక్కుని, జో కొడుతూ ఊగడం మొదలుపెట్టింది. ఆ ఊపులో మిచ్చమ్మకు ఒక్క పాదం గుర్తొచ్చింది.

చీకటి పడింది చిలకా, నీ గూడెక్కడ? అని దాని అర్థం. రెండో పాదం రాదు. ఆ ఒక్క పాదాన్నే లేచి నిలబడి, గొంతు చీరుకుపోయేలా పాడింది. మళ్లీ పాడింది. అప్పుడు గుడిలోంచి రాయి రాయితో ఒరిసిన చప్పుడు వినిపించింది. గుడి వాకిట ఉన్నవారు తొంగి చూస్తే అమ్మవారు వెనక్కి తిరిగి, సముద్రం వైపు చెవి ఒగ్గి నిలబడి ఉంది! ఒడ్డు మీద ఊపిరి చప్పుడు కూడా లేదు.

ఆ నిశ్శబ్దంలో, మంచులోంచి, పిల్ల మరచిపోయిన రెండో పాదం ఒక మగగొంతులో వచ్చింది. నా భుజమే గూడు, వచ్చి వాలు.

ఆ గొంతుకు మిచ్చమ్మ మొదటి పాదం అందించింది, అటునుంచి రెండోది వచ్చింది. అలా పాట అటూ ఇటూ నడుస్తుండగా గాలి ముదరకముందే ఓడ రేవులోకి చేరింది. తండ్రి నీళ్లలో నడిచి వచ్చి, పిల్లను భుజం మీదికి ఎత్తుకున్నాడు. నాటినుంచి ఈ ఊరు పిలుపులరేవు అయింది. అమ్మవారు మరి ఇటు తిరగలేదు.

నేటికీ ఇక్కడ పాడే ప్రతి పిల్లా మొదటి పాదం పాడి ఆగుతుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చే న్యాయనిర్ణేతలు మరచిపోయిందనుకుని మార్కులు కోసేస్తుంటారు. వారికి ముందుగానే కాఫీ ఇచ్చి ఈ కథ చెప్పడం మా పని. దూరాన ఉన్న తమవారి క్షేమం కోరేవారు ఆ సమయంలో మనసులో వారి పేరు తలచుకుంటే తప్పక మేలు జరుగుతుంది.

తన భాషవారు ఎవరూ తోడు రాని పిల్లను అందరికన్నా చివర పాడిస్తారు. ఆ పిల్ల మొదటి పాదం పాడి ఆగినప్పుడు పందిరి కింద ఒక్కరూ కదలరు. ఆ భాషలో ఒక్క ముక్క తెలియకపోయినా, రెండో పాదం వస్తుందేమోనని అమ్మతో పాటు ఊరంతా సముద్రం వైపు తిరిగి వింటుంది.