ఎర్రపట్టు మీద గాజు లోటా

అనగనగా రాజ్యాలు బోలెడు, రాజులు బోలెడు. వాళ్ళల్లో మన రాజు వీరభానుడు ఒక్కడే. ఆయనకు కొడుకులు ముగ్గురు. దగ్గరగా జరగండర్రా, గట్టిగా చెబితే ఈ కథ బెదిరిపోతుంది.

ఏడు సముద్రాల అవతల ఒక గుహ. గుహలో ఘోరాక్షుడనే మాయావి. వాడు రెండు అరచేతులూ కలిపి ఒక్క చప్పట కొడితే ఎదుట ఉన్నవాడు రాయి. ఇంకోలా కొడితే గుహలో ఉన్న రాళ్ళన్నీ మళ్ళీ మనుషులు. ఆ రెండో చప్పట మాత్రం వాడెప్పుడూ కొట్టలేదు. తనకు అంతుపట్టని మాయ చూపించినవాడు ఏం కోరితే అది ఇస్తాననీ, చూపించలేనివాడు అక్కడే రాయై పడుంటాడనీ లోకమంతా చాటింపు వేయించాడు.

పెద్ద రాకుమారుడు మంత్రించిన కత్తి పట్టుకుని వెళ్ళాడు, రాయి అయ్యాడు. రెండోవాడు అన్నను తెస్తానని మంత్రించిన విభూది పట్టుకుని వెళ్ళాడు, వాడూ రాయి అయ్యాడు. ఎందుకంటే ఘోరాక్షుడి ముక్కు అలాంటిది. మంత్రం ఎంత చిన్నదైనా సరే, పక్కింటి పులుసు వాసనలా వాడికి తెలిసిపోతుంది.

ఇక మిగిలింది మూడోవాడు, మణిదత్తుడు. భోజనానికి కూర్చుంటే అటూ ఇటూ రెండు ఖాళీ పీటలు. ముద్ద దిగదు. తల్లేమో అతని పీట వంక చూసి, ఇదీ ఖాళీ అయిపోతుందేమోనని కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

ఒకనాడు కోట గుమ్మం ముందు గారడీవాళ్ళ అమ్మాయి సింగారి ఆట ఆడుతోంది. ఎర్రపట్టు గుడ్డ పరిచి, దాని మీద గాజు లోటా బోర్లించి, పక్కన ఒక వరహా పెట్టింది. లోటాకి రుమాలు కప్పి, ఎత్తి వరహా మీద పెట్టి, రుమాలు తీసింది. లోటా ఉంది, వరహా లేదు. మళ్ళీ రుమాలు కప్పి లోటా పక్కన పెడితే వరహా ఉన్నచోటే ఉంది.

జనం పోయాక మణిదత్తుడు బతిమాలితే లోటా తిప్పి చూపించింది. ఏముందనుకున్నారు? లోటా మూతికి అదే ఎర్రపట్టు గుండ్రంగా కత్తిరించి తుమ్మజిగురుతో అంటించి ఉంది. వరహా ఎక్కడికీ పోదు, ఆ గుడ్డముక్క కింద దాక్కుంటుంది. అంతే.

"ఇందులో మంత్రం లేదా?" అన్నాడు.

"మంత్రమే ఉంటే ఇంత ఎండలో ఎందుకు ఆడతాను దొరా?" అంది సింగారి.

మంత్రం లేకపోతే వాసనా ఉండదు కదా అని అతనికి ఆశ పుట్టింది. సింగారి లోటా, పట్టుగుడ్డ, రుమాలు ఇచ్చి మూడు జాగ్రత్తలు చెప్పింది. ఎత్తుగా లేపొద్దు, చెయ్యి వణకనివ్వొద్దు, తడి తగలనివ్వొద్దు. "అది మా అమ్మ లోటా. నువ్వే తెచ్చి నా చేతికివ్వాలి" అని మాట కూడా తీసుకుంది.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. మణిదత్తుడు దాన్ని బోర్లా తిప్పాడు. అది అతణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, దాటుతూ దాటుతూ ఒక రహస్యం చెప్పింది. ఘోరాక్షుడి ప్రాణం వాడి చిలక మెడకు కట్టిన బంగారు మాడ నాణెంలో ఉందట. ఆ బరువుకి పాపం అది ఎగరలేదట. చూసింది చూసినట్టే చెబుతుంది కనక వాడు దాని మాట తప్ప ఎవరి మాటా నమ్మడట.

అంతా బాగానే ఉంది గానీ, ఏడో సముద్రంలో ఒక పాడు అల లేచి లోటాను తడిపేసింది. జిగురు నానింది. పట్టుముక్క ఒకవైపు వేలెడంత ఊడింది. ఇప్పుడేం చేస్తాడు చెప్పండి? వెనక్కి వెళితే అన్నలు రాళ్ళు, ముందుకెళితే తనూ రాయి. ఊడిన వైపు తనకేసి తిప్పుకుని లోపలికి నడిచాడు.

గుహలో అన్నలిద్దరూ ఉన్నారు, చలువరాతి కళ్ళతో. మణిదత్తుడు అటు చూడలేదు. చూస్తే చెయ్యి వణుకుతుందని భయం.

ఎర్రపట్టు పరిచి మొదటిసారి వరహా మాయం చేశాడు. ఘోరాక్షుడు ముక్కు ఎగబీల్చాడు. వాసన లేదు. "చిలకా, ఏం కనపడింది?" అంటే "పోయింది దొరా" అంది చిలక. రెండోసారీ అంతే, వాసన లేదు, వరహా లేదు. అప్పుడు వాడికి అనుమానం వచ్చింది.

"ఒరేయ్, నీది దొంగ వరహా. నా మాడతో చెయ్యి చూద్దాం."

మంత్రం రాని కుర్రకుంక ఏం చేయగలడులే అనుకుని, చిలక మెడలోంచి మాడ విప్పి పట్టు మీద పెట్టాడు. బరువు దిగిన చిలక రెక్కలు ఒకసారి విదిల్చుకుని ఎగిరింది. ఎగిరి ఎక్కడ వాలిందో తెలుసా? సరిగ్గా మణిదత్తుడి భుజం మీద, ఊడిన వైపే.

అయినా మణిదత్తుడు రుమాలు కప్పాడు, లోటా జరిపాడు, రుమాలు తీశాడు. ఊడిన చోట మాడ అంచు తళుక్కుమంటోంది. చిలక మెడ వంచి ఆ తళుకు చూసింది.

"చిలకా, ఏం కనపడింది?"

మణిదత్తుడికి పాదాలు అప్పుడే రాయిలా బిగుసుకుపోతున్నట్టనిపించింది. చిలక ఖాళీ మెడను ముక్కుతో ఒకసారి తడుముకుంది.

"పోయింది దొరా" అంది.

ఘోరాక్షుడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. గుండె కొట్టుకుంటోంది, కానీ ఎక్కడ కొట్టుకుంటోందో వాడికే తెలియడం లేదు. కోపంతో రెండు చేతులూ ఎత్తాడు.

"నన్ను రాయి చేస్తే నీ మాడ ఎక్కడుందో ఆ రాయి చెప్పదు" అన్నాడు మణిదత్తుడు. "ముందు మా అన్నలను లేపు, తరవాత నీ మాడ నీకు చూపిస్తాను."

వాడు రెండో చప్పట కొట్టాడు. అన్నలు ఆవులించి లేచారు, గుహలోని రాళ్ళన్నీ లేచాయి. మణిదత్తుడు ఇచ్చిన మాట తప్పలేదు. రుమాలు కప్పి లోటా తీశాడు. మాడ పెట్టినచోటే ఉంది.

ఘోరాక్షుడు దాన్ని లటుక్కున తీసి పిడికిట్లో బిగించుకున్నాడు. ఇక అందరినీ ఒక్క దెబ్బకి రాళ్ళు చేద్దామని చేతులెత్తాడు. చప్పట కొట్టాలంటే అరచెయ్యి విప్పాలి. విప్పితే మాడ మళ్ళీ మాయమైపోతే? కింద పెడదామన్నా భయమే. చిలకకు కడదామా అంటే అది ఎప్పుడో ఎగిరిపోయింది. ఆ పిడికిలి వాడు ఈ రోజుకీ విప్పలేదు.

మణిదత్తుడు లోటా తీసుకెళ్ళి సింగారి చేతికిచ్చాడు, ఆ చెయ్యి మళ్ళీ వదల్లేదు. గారడీవాళ్ళ పిల్లా అని మంత్రి గొణిగాడు గానీ, "నా పీటలు నిండాయి, కోడలికి ఇంకో పీట వెయ్యండి" అంది రాణి. వాళ్ళు చాలా కాలం చల్లగా ఏలుకున్నారు.

కథ గట్టెక్కింది. మీ పిడికిళ్ళు కూడా విప్పండర్రా, అన్నాలకి లేవండి.