ముందరయ్య మింగేసిన మాట

ఒకప్పుడు చెప్పుజీవులకు 'వెనక్కి' అనే మాటే తెలియదు.

చెప్పుజీవులంటే మడుగు నీటిలో ఈదే బుల్లి ప్రాణులు. ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. మన కంటికి ఆనవు. చెప్పు అడుగు ఆకారంలో ఉంటాయి, ఒంటి నిండా సన్నని నూగు. ఆ నూగునే తెడ్లలా వేసుకుంటూ దూసుకుపోతాయి. అప్పట్లో వాటికి తెలిసిన దిక్కు ఒక్కటే, ముందు! అదో పెద్ద గొప్ప వాటికి. మీసాలుంటే మెలేసేవే.

వాటికి అమ్మానాన్నలు ఉండరు. ఒకటి నడుము దగ్గర నొక్కుపడి రెండవుతుంది, అంతే. అలా రెండైనవాళ్ళు ఒకరినొకరు 'సగమా' అని పిలుచుకుంటారు. నూగి, తూగి అలాంటి సగాలే. మొన్నటిదాకా ఇద్దరూ ఒక్కరే.

మడుగు అంచున ఒక గడ్డిపరక మీద గంటమ్మ ఉండేది. ఆమెదీ ఒకే కణం. సన్నని కాడ మీద గంటలా ఊగుతూ, ఏది తగిలినా కాడ చుట్టుకుని చటుక్కున వెనక్కి జరిగేది. "పిరికి గంటమ్మా!" అని చెప్పుజీవులు వెక్కిరించేవి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు అడుగంటింది. తిండి కరువైంది. అలాంటప్పుడు చెప్పుజీవుల పెద్ద ముందరయ్యకు, గంటమ్మ గడ్డిపరక పక్కనే ఒక నీటిపాయ కనిపించింది. ఒక్క చెప్పుజీవి పట్టేంత వెడల్పు, అంతే.

"అటేపు గేదె గిట్ట దిగిన గుంటుందర్రా! కుళ్ళిన గడ్డి వాసనొస్తంది. కడుపు నిండా తినొచ్చు, రండి!"

ముందరయ్య దూరాడు. అతని వెంట తూగి, తూగి వెంట నలభైమంది. అందరికంటే చివర నూగి.

పాయ చివర గుంట ఎప్పుడో ఎండిపోయింది. ముందరయ్య మూతి గట్టి బురదకు ఠపీమని కొట్టుకుంది.

"తొయ్యండ్రా! ముందుకి తొయ్యండి!" అని అరిచాడు.

అందరూ తోశారు. పక్కకు తిరుగుదామంటే చోటు లేదు. పైన ఎండ నీటిని పీల్చేస్తోంది. పాయ ఇరుకైపోతోంది. ముందరయ్యకూ నలభైమంది తోపుకూ మధ్య తూగి నలిగిపోతోంది.

"సగమా! ఊపిరాడట్లేదే!"

నూగికి గుండె లేదు గానీ, ఉంటే ఆగిపోయేది. పాపం, తెలిసిందొక్కటే కదా, ఇంకా గట్టిగా తోసింది. ఆ ఊపులో నూగి తోక గంటమ్మ కాడకు తగిలింది. గంటమ్మ చటుక్కున చుట్టుకుపోయి కేకేసింది.

"ఓసి పిచ్చిదానా! నువ్వు తోసే కొద్దీ నీ సగమే నలిగిపోతంది. ఎనక్కి రా!"

"ఎనక్కా? అంటే ఏంటి?"

"నేను చేసేదే. మీరంతా నవ్వేదే! ఆ నూగు తిరగేసి కొట్టు!"

నూగికి సిగ్గేసింది. అందరూ ఏమనుకుంటారు? ఇంతలో "సగమా..." అని మళ్ళీ వినిపించింది. ఈసారి గొంతు బాగా సన్నబడింది.

ఇక సిగ్గేమిటి! నూగి ఒళ్ళంతా బిగబట్టి నూగు తిరగేసి కొట్టింది. ముందు వణికిందంతే. తర్వాత రవ్వంత జారింది. మరికాస్త జారింది. పాయలోంచి ఊడి మడుగులో పడింది!

"ఎనక్కి! నూగు తిరగేయండి, ఎనక్కి!"

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి లోపలికి పాకింది. ఒక్కొక్కరే బయటికి జారుతున్నారు. కానీ పాత అలవాటు ఎక్కడికి పోతుంది? బయటపడినవాళ్ళు మళ్ళీ ముందుకు ఊపందుకుని, తిన్నగా ఆ పాయలోకే పోబోయారు.

"మళ్ళీ అందులోకేనా! లోపలున్నోళ్ళకి దారేదీ? మూతి పక్కకి తిప్పండెహె!" అని గంటమ్మ గొంతు చించుకుంది.

తిప్పారు. దారి వదిలారు. అందరూ వచ్చేశారు, తూగీ ముందరయ్యా తప్ప.

"పెద్దాయనా, నువ్వూ ఆ మాట అను. నా వెంటే వచ్చెయ్," అని తూగి బతిమాలింది.

"నా నోట ఆ మాట రాదు. ఇంకొక్క తోపు, గుంటొచ్చేస్తది. నువ్వు పో."

తూగి ఒళ్ళు గీసుకుపోతూ బయటపడింది. నూగి గబుక్కున వచ్చి ఆనుకుంది. ఇద్దరూ మళ్ళీ ఒక్కరైనట్టే వణికారు.

అందరూ పాయ వైపే చూస్తున్నారు. నీరు సన్నబడింది. ఇంకా సన్నబడింది. లోపలి నుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఎన..."

అంతే. పాయ ఆరిపోయింది.

ముందరయ్య మీద నాకు కోపమే. నలభైమందిని తీసుకెళ్ళి బురదకు కొట్టాడు. అయినా ఆ సగం మాట తలుచుకుంటే ఏడుపొస్తుంది.

అప్పటినుంచే చెప్పుజీవి దేనికి తగిలినా క్షణమైనా ఆలోచించదు. ముందు కాస్త వెనక్కి జరుగుతుంది. మూతి పక్కకు తిప్పుతుంది. మళ్ళీ ముందుకు పోతుంది. ఎప్పుడైనా మడుగు నీటి చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. ముందరయ్య సగంలో వదిలేసిన మాటను అవి ఇవాళ్టికీ పూర్తిచేస్తూనే ఉన్నాయి.