ఇసకవాగు దగ్గర రాలిన ముళ్లు

అనగనగా కొండ కింద పల్లంలో ఒక అడవి ఉండేది పిల్లలూ. ఏటా వానాకాలం రాగానే కొండ మీది నీళ్లన్నీ ఆ పల్లంలోకే దిగేవి. బొరియలన్నీ మునిగిపోయేవి. కిందటేడు వరదలో చెవులమ్మ అనే కుందేలు రెండు పిల్లల్ని పోగొట్టుకుంది. ఈ ఏడు ఆమెకు మళ్లీ నాలుగు పిల్లలు పుట్టాయి.

వానలు ఇంకో రెండు నెలలకు వస్తాయనగా, ఎక్కడినుంచో ఒక ముళ్లపంది వచ్చాడు. పేరు సూదయ్య.

"కొండ మీద అందరికీ కలిపి ఒకే పెద్ద బొరియ తవ్వుదాం. నీళ్లు అంతెత్తుకు రావు. ఇలాంటివి ఎర్రదిబ్బ మీద ఒకటి, రాళ్లగుట్టలో ఒకటి కట్టాను. మీరు ఉన్న బొరియలు వదిలేసి నాతో వచ్చి తవ్వాలి. అంతే," అన్నాడు.

కొమ్మ మీద కాకి పకపకా నవ్వింది.

"రెండేనా అయ్యా? ఇసకవాగు సంగతి చెప్పవేం? అక్కడ నువ్వు కట్టింది కూలిపోయింది. లోపలున్నవాళ్లను వదిలేసి పారిపోయావట!"

"నువ్వు చూశావా?" అని చెవులమ్మ అడిగింది.

"నేనెందుకు చూస్తాను వదినా? మా పిన్ని చెప్పింది."

"మీ పిన్ని చూసిందా?"

"ఆమెకు వాళ్ల ఆడపడుచు చెప్పింది."

సూదయ్య తల దించుకున్నాడు.

"అబద్ధాలకోరు. తరిమేయండి," అన్నాడు ఉడుము తాత.

"తరిమేస్తే మనకు దిక్కెవరు తాతా? ఈసారి మళ్లీ మునుగుదామా?" అన్నాయి ఎలుకలు.

చెవులమ్మ రెండు వైపులా విన్నది. తన నాలుగు పిల్లల వైపు చూసుకుంది.

"ఆ మూడు చోట్లూ ఎవరైనా వెళ్లి చూడగలిగేవే కదా? నేను చూసొస్తాను. అంతవరకు ఎవరూ అవుననొద్దు, కాదనొద్దు," అంది. పిల్లల్ని ఎలుకమ్మకు అప్పగించి బయల్దేరింది.

ముందు ఇసకవాగుకే వెళ్లింది. బొరియ నిజంగానే కూలిపోయి ఉంది. కాకి మాట నిజమేననుకుని చెవులమ్మ వెనక్కి తిరిగింది. మళ్లీ, ఇంత దూరం వచ్చాను కదా, చుట్టూ ఒకసారి చూద్దామని ఆగింది.

పారిపోయినవాడి ముళ్లు పారిపోయిన దారిలో రాలాలి. ఆ దారిలో ఒక్కటీ లేదు. ముళ్లన్నీ కూలిన చోటే, ఎండిన మట్టిలో గుచ్చుకుని ఉన్నాయి. పక్కనే ఇంకో గుంత ఉంది. దాన్ని బయటినుంచి కూలిన బొరియలోకి తవ్వారు. చెవులమ్మ అందులోకి దిగి వెతికింది. ఎక్కడా ఒక్క ఎముక కూడా లేదు.

తర్వాత ఎర్రదిబ్బకు వెళ్లింది. ఇక్కడ ఇసక లేదు, గట్టి మట్టి. బొరియకు రెండు దారులు. రెండు వానాకాలాలు దాటినా చెక్కు చెదరలేదు.

చివరికి రాళ్లగుట్ట. అక్కడ మూడు దారులు. ఒక దారి ముందు కుంటి ఎలుక ఒకటి ఎండ కాచుకుంటోంది.

"కాలికేమైంది అక్కా?" అని చెవులమ్మ అడిగింది.

"ఇసకవాగు బొరియ కూలినప్పుడు రాయి పడింది చెల్లీ. సూదయ్య రెండు రోజులు నిద్ర లేకుండా తవ్వి మమ్మల్ని బయటికి తీశాడు. ఆఖరున తీసింది నన్నే."

"మరి మళ్లీ అతను కట్టిన ఇంట్లోనే ఉంటున్నావా?"

"ఇంకెవరింట్లో ఉండను? తన తప్పు ఎక్కడుందో అతనికి తెలుసు, అక్కడ దారి ఒక్కటే. ఈ మూడు దారులూ ఎందుకు పెట్టాడనుకున్నావ్?"

చెవులమ్మ ఇంటిదారి పట్టింది. వెళ్లేటప్పుడు నడిచింది. వచ్చేటప్పుడు గెంతింది.

"సూదన్నా, ఇసకవాగు సంగతి ఎందుకు దాచావు?" అని అడిగింది.

"చెబితే ఎవరొస్తారు చెల్లెమ్మా?"

"దాచావు కాబట్టే కాకి మాట నిజమనిపించింది. అందరి ముందూ నువ్వే చెప్పు. అప్పుడు తవ్వుదాం."

సూదయ్య చెప్పాడు. ఇసకలో ఎందుకు తవ్వాడో, ఎలా కూలిందో అంతా చెప్పాడు. చెబుతూ రెండుసార్లు ఏడ్చాడు. అంతా విన్న ఉడుము తాత ఆఖరికి, "ఇక్కడ నాలుగు దారులు పెట్టు," అన్నాడు.

నలభై రోజులు అందరూ కలిసి తవ్వారు. ఆ మర్నాడే వాన మొదలైంది. పల్లమంతా మునిగింది. కొండ మీద ఒక దారి బురదతో పూడుకుపోయింది కూడా. మూడు దారులు మిగిలాయి.

తడిసి ముద్దయిన కాకి ఒక దారి దగ్గర వాలింది.

"వదినా, లోపల కాస్త చోటుందా?"

"ఈ ఇల్లు కూలిపోతుందని మీ పిన్ని చెప్పలేదూ?" అంది చెవులమ్మ. అని, పక్కకు జరిగింది.

బొరియ లోపల చీకటి. చెవులమ్మ ముందు కాలు చాపి, పిల్లల చెవులు తడిమి లెక్కపెట్టుకుంది. ఎనిమిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిదే. అప్పుడు పడుకుంది.

నీతి: ఒకరిని నమ్మాలా వద్దా అని తేల్చుకునే ముందు వాళ్లు చేసిన పనిని మన కళ్లతో చూడాలి, అది కూలిన చోటికీ వెళ్లి, కూలాక వాళ్లేం చేశారో చూడాలి.